17.5 టర్నుల మోటారు వేడెక్కుతోంది, వేగం మాత్రం రావడం లేదు: ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) మార్చాలా?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర టామియా టీటీ-02 ఛాసిస్ మీద కట్టిన, రిమోట్‌తో నడిపే 1/10 స్కేలు కారు ఉంది. అందులో 17.5 టర్నుల సెన్సార్డ్ బ్రష్‌లెస్ మోటారు (టర్నులంటే లోపలి తీగ చుట్లు; పెట్టె మీద 2200 కేవీ, అంటే వోల్టుకు నిమిషానికి 2200 చుట్లు, అని ఉంది), 60 ఆంపియర్ల ఈఎస్‌సీ, 2ఎస్ (రెండు సెల్లుల, 7.4 వోల్టుల) లైపో బ్యాటరీ వాడుతున్నాను. ఆదివారాలు మిత్రులం కలిసి ఒక ఖాళీ పార్కింగ్ స్థలంలో కోన్లు పెట్టుకుని పందేలు నడుపుకుంటాం. అందరూ 17.5 టర్నుల మోటారే వాడాలని, ఈఎస్‌సీ బ్లింకీలోనే (వేగం పెంచే అదనపు సదుపాయాలు మూసేసిన స్థితిలోనే) ఉండాలని నియమం పెట్టుకున్నాం. మలుపుల్లో నా కారు ఎవరికీ తీసిపోదు గానీ, నేరుగా సాగే పొడవాటి భాగంలోకి రాగానే బెల్టు డ్రైవు కార్లన్నీ దాటిపోతున్నాయి. వేగం పెరుగుతుందేమోనని మోటారు వెనక మూత తిప్పి టైమింగును (తీగచుట్లలో కరెంటు ఎంత ముందుగా మారాలన్న కోణాన్ని) 30 నుంచి 50 డిగ్రీలకు పెంచాను. తేడా కొద్దిగా కనిపించింది. అయితే ఐదు నిమిషాల పరుగు తరవాత ఇంతకుముందు 62 డిగ్రీలు చూపించే మోటారు ఇప్పుడు 88 చూపిస్తోంది. పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేరు), స్పర్ (అది తిప్పే పెద్ద గేరు) రెండూ కిట్‌తో వచ్చిన 22, 70 పళ్ళవే. 120 ఆంపియర్ల ఈఎస్‌సీ వేస్తే సమస్య తీరిపోతుందని ఒక మిత్రుడు అంటున్నారు. అంత డబ్బు పెట్టే ముందు అనుభవం ఉన్నవారి మాట వినాలని అడుగుతున్నాను.

జవాబు 1 (డాలస్ నుంచి)

నమస్కారమండీ. ఈఎస్‌సీ కొనకండి. ఆంపియర్ల అంకె అది ఎంత కరెంటును తట్టుకోగలదో చెబుతుందే తప్ప, మోటారులోకి ఎంత తోస్తుందో చెప్పదు. ఎంత లాగాలన్నది మోటారూ దాని మీద పడే భారమూ నిర్ణయిస్తాయి. పైగా మీరు నడిపేది బ్లింకీలో. ఇక్కడ రోర్ (అమెరికాలో రిమోట్ కార్ల పందేల సంస్థ) నియమాల ప్రకారం నడిచే స్టాక్ (మోటారు పరిమితం చేసిన) తరగతిలో ఈఎస్‌సీ తనంతట తాను టైమింగును ముందుకు జరపకూడదు, జరపడం లేదని దాని లైటు మిణుకుమంటూ చూపించాలి. బూస్టు, టర్బో అని ఖరీదైన ఈఎస్‌సీలలో మనం డబ్బు పోసి కొనుక్కునే సదుపాయాలన్నీ బ్లింకీలో మూతపడిపోతాయి. మిగిలేది లోపలి నిరోధంలో ఉండే కాస్త తేడా. పార్కింగ్ స్థలపు పందెంలో అది లెక్కలోకి రాదు.

అసలు చిక్కు గేరులో ఉంది. టీటీ-02 లోపలి నిష్పత్తి (స్పర్ నుంచి చక్రాల వరకు ఉన్న గేర్లది) 2.6. మీ 70, 22 పళ్ళను దానితో కలిపి లెక్కిస్తే మోటారు 8.27 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 2200 కేవీ మోటారు 7.4 వోల్టుల దగ్గర భారం లేకుండా నిమిషానికి సుమారు 16,280 చుట్లు తిరుగుతుంది; 64 మిల్లీమీటర్ల టైరుతో అది గంటకు 24 కిలోమీటర్ల లోపే. మీ మిత్రుల బెల్టు డ్రైవు కార్లలో లోపలి నిష్పత్తి సాధారణంగా 2 చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, వారు మొత్తం నిష్పత్తిని 4.0 నుంచి 4.5 వరకు తేలిగ్గా దించుకోగలరు. 4.0 దగ్గర అదే మోటారు కాగితం మీద 49 కిలోమీటర్లు ఇస్తుంది. మీరు బైకును మొదటి గేరులోనే ఉంచి పందెం ఆడుతున్నారు. టీటీ-02లో 4.0 రావాలంటే 70 పళ్ళ స్పర్‌కు 45 పళ్ళ పినియన్ కావాలి. అంత పెద్దది ఆ ఛాసిస్‌లో పట్టదు. టామియా అమ్మే 68 పళ్ళ హై స్పీడ్ గేరు సెట్టు తెప్పించి 27 పళ్ళ పినియన్ వేస్తే 6.55 వస్తుంది, అంటే 30 కిలోమీటర్లు. పాతిక శాతం పైచిలుకు లాభం. ఖర్చు ఈఎస్‌సీ ధరలో చిన్న భాగం. అయినా ఆ బెల్టు కార్లను ఈ మోటారుతో నేరుదారిలో అందుకోలేరు, అది ముందే తెలిసి ఉండడం మంచిది.

జవాబు 2 (విశాఖపట్నం నుంచి)

పైన చెప్పిన లెక్కతో నాకు పేచీ లేదు, వేడి సంగతి మాత్రం కొంచెం వివరంగా చూడాలి. ఎండ్‌బెల్ (మోటారు వెనక మూత) తిప్పినప్పుడు మీరు నిజానికి తిప్పుతున్నది లోపల మూడు హాల్ సెన్సార్లు (అయస్కాంతాన్ని పసిగట్టేవి) ఉన్న పలకను. రోటార్ (లోపల తిరిగే అయస్కాంతం) ఎక్కడుందో అవి ముందుగానే చెప్పడం వల్ల ఈఎస్‌సీ కూడా వైండింగులకు (రాగి తీగచుట్లకు) కరెంటును ముందుగానే మారుస్తుంది. ఫలితంగా పై వేగం పెరుగుతుంది, టార్కు తగ్గుతుంది, మోటారు లాగే కరెంటు పెరుగుతుంది. టైమింగు పెంచినవారు మామూలుగా పినియన్ చిన్నది వేస్తారు. మీ గేరు ముందునుంచీ చిన్నదే గనుక 50 డిగ్రీల దగ్గర కూడా కారు నడిచింది, లేకపోతే వేడి ఇంకా ఎక్కువ ఉండేది.

88 డిగ్రీలన్నది మోటారు డబ్బా పైభాగంలో చూసిన అంకె అని గుర్తుంచుకోండి. లోపల వైండింగు అంతకంటే వేడిగా ఉంటుంది. సాధారణ శ్రేణి నియోడిమియం అయస్కాంతానికి 80 డిగ్రీలే హద్దు, మేలురకాలు 120, 150 వరకు తట్టుకుంటాయి. మీ రోటార్‌లో ఏ శ్రేణి ఉందో పెట్టె మీద రాసి ఉండదు కాబట్టి పైన 80 దాటనివ్వకపోవడమే నయం. హద్దు దాటకపోయినా నష్టమైతే ఉంటుంది: రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది, అంటే 60 డిగ్రీలు వేడెక్కిన వైండింగులో నిరోధం 23 శాతం ఎక్కువ. పరుగు చివర్లో కారు నీరసించిందని అనిపిస్తే బ్యాటరీ ఒక్కదాన్నే అనుమానించకండి. మా ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో ఎండవేళ తారు మీద నడిపితే శీతాకాలంలో సరిపోయిన అమరిక ఏదీ పనికిరాదు.

టైమింగును 40కి దించి చూడండి. మూత మీది గీతలను ఒక కంపెనీ మోటారుకూ మరో కంపెనీ మోటారుకూ పోల్చకూడదు. పినియన్ తీసేసి, భారం లేకుండా తిప్పి, మీటరులో ఆంపియర్లు చూసుకుంటూ జరపడం గీతలకంటే నమ్మదగిన పద్ధతి. ఇంకొకటి: కిట్‌తో వచ్చిన ప్లాస్టిక్ బుష్‌లే (ఇరుసులు తిరిగే చిన్న గొట్టాలే) ఇంకా ఉంటే ముందు వాటిని తీసి 1150 బాల్ బేరింగులు వేయండి. పినియన్ తీసినప్పుడే చక్రాలను చేత్తో తిప్పి చూడండి; ఎక్కడైనా పట్టేస్తున్నట్టు తగిలితే ఆ రాపిడిని మోయడానికి ఖర్చయ్యేది మోటారు శక్తే. అల్యూమినియం మోటారు మౌంటు కూడా దొరుకుతుంది. ప్లాస్టిక్ మౌంటు వేడిని బయటికి పోనివ్వదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. బుష్‌లు ఇప్పటికీ ప్లాస్టిక్‌వే. అవి, గేరు సెట్టు తెప్పిస్తాను. ఒక్క సందేహం: మిత్రులు ఒప్పుకుంటే టీటీ-02కు మాత్రం 13.5 టర్నుల మోటారును అనుమతించమని అడగవచ్చా? ఇప్పుడున్న 60 ఆంపియర్ల ఈఎస్‌సీ దానికి సరిపోతుందా?

జవాబు 1 (డాలస్ నుంచి)

అడగడం న్యాయమే. ఛాసిస్‌లు వేరువేరుగా ఉన్నచోట మోటారును మాత్రం ఒకటే చేస్తే గేరు దించుకోగలిగినవారికే అనుకూలం. టర్నులు తగ్గేకొద్దీ మోటారు వేగం, అది లాగే కరెంటు పెరుగుతాయి. 13.5 మోటారు 3000 కేవీ చుట్టుపక్కల ఉంటుంది; 6.55 నిష్పత్తితో గంటకు దాదాపు 41 కిలోమీటర్లు వస్తుంది కాబట్టి, మీ మిత్రుల కార్లు 4.0 దగ్గర లేకుండా 4.5 దగ్గర ఉంటే పోటీ సమంగానే ఉంటుంది. ఈఎస్‌సీ విషయంలో దాని మాన్యువల్‌లో 2ఎస్ మీద టూరింగ్ కారుకు ఎన్ని టర్నుల వరకు వాడవచ్చో రాసి ఉంటుంది, ఆ హద్దు 13.5 లేదా అంతకంటే తక్కువ అయితే నిశ్చింతగా వాడండి.

కొత్త మోటారు బిగించాక ఏ, బీ, సీ తీగలను వాటి వాటి గుర్తులకే అతికించండి. సెన్సార్ లేని మోటారులో రెండు తీగలు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది, అంతే. సెన్సార్డ్ మోటారులో అలా జరిగితే సెన్సార్లు చెప్పే చోటు ఒకటి, కరెంటు వెళ్ళే చోటు మరొకటి అయి ఈఎస్‌సీ కాలిపోవచ్చు. మొదటి పరుగు పాత 22, 70 గేర్లతోనే, టైమింగు 30 దగ్గర మొదలుపెట్టి, రెండు నిమిషాలకే ఆపి ఉష్ణోగ్రత చూడండి. అప్పటికి 60 లోపు ఉంటే పెద్ద పినియన్ వైపు వెళ్ళండి. మార్చిన ప్రతిసారీ గేరో టైమింగో ఒక్కటే మార్చండి. రెండూ కలిపి మారిస్తే వేడి దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేరు.