స్లీవ్ ఆపరేషన్‌కి మూడు వారాలే ఉంది: ముందు ఏం చూసుకోవాలి, ఇంటికొచ్చాక తిండి ఎలా?

లంకగట్టు:
నమస్కారమండి. మా వదినకి బరువు తగ్గే ఆపరేషన్ (స్లీవ్) కాకినాడలో ఖాయమైంది. మూడు వారాల్లో తేదీ. వయసు 38, ఎత్తు 156 సెం.మీ., బరువు 108 కిలోలు. షుగరు ఆరేళ్ళుగా ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన బిళ్ళ, డాపాగ్లిఫ్లోజిన్, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతోంది. గురక బాగా ఎక్కువ. ఎండోస్కోపీ ఇంకా చేయించలేదు. మాది ముమ్మిడివరం వైపు లంక. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ వెళ్ళాలి. వరదొస్తే ముందు పడవ ఎక్కాలి.

రెండు వారాల ముందు నుంచి అన్నం మానేయమన్నారు. మన వంటింట్లో ఉన్నవాటితో అది ఎలా నడపాలి? తర్వాత చేపలు ఎప్పటి నుంచి పెట్టొచ్చు? ఇంటికొచ్చాక ఏదైనా తేడా చేస్తే ఊళ్ళో ఆరెంపీ డాక్టరు గారే దిక్కు. ఆయనకి ఏం చెప్పి ఉంచాలి?

మత్తుడాక్టరు:
తిండి కంటే ముందు బిళ్ళల సంగతి తేల్చుకోండి. డాపాగ్లిఫ్లోజిన్ షుగరుని మూత్రంలో వదిలేసే మందు. అది వేసుకుంటూ అన్నం మానేస్తే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగితే వచ్చే ఆమ్లాలు) పేరుకుని రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. ఇందులో మోసం ఏమిటంటే గ్లూకోమీటరు 150, 160 చూపిస్తూనే ఉంటుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వచ్చేదాకా ఎవరికీ అనుమానం రాదు. ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందు ఈ మందు ఆపాలి. ఆవిడ రెండు వారాల ముందే పిండిపదార్థాలు మానేస్తున్నారు కాబట్టి, డైట్ మొదలైన రోజే ఆపాలా అని షుగరు డాక్టరుని ఇప్పుడే అడగండి. గ్లిమిపిరైడ్‌ది వేరే గొడవ. అన్నం లేని కడుపులో షుగరుని మరీ కిందికి లాగేస్తుంది. మోతాదు తగ్గించాలో, ఆపాలో అదీ అడగండి. రోజుకి నాలుగుసార్లు వేలి చుక్క చూడండి. 70 కంటే తగ్గినా, చెమటలు పట్టి చేతులు వణికినా డైట్ అని చూడకుండా మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకి మళ్ళీ పరీక్ష చేయండి. బరువు తగ్గడానికి వారానికోసారి వేసే ఇంజక్షన్ ఏదైనా వాడి ఉంటే దాచకండి. ఆ మందుతో కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది, మత్తిచ్చేటప్పుడు కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

ఎండోస్కోపీ ఈ వారంలోనే చేయించండి. హెలికోబాక్టర్ అనే క్రిమి కనబడితే మందులు సాధారణంగా 14 రోజులు వాడాలి. మీకున్నవి 21 రోజులు. ఇంకో సంగతీ ఉంది. అన్నవాహిక కింది భాగం పుండుపడి ఉన్నా, పెద్ద హయటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడం) ఉన్నా స్లీవ్ తర్వాత పులితేన్పులు, గుండెమంట మరింత పెరుగుతాయి. అలాంటివారికి గ్యాస్ట్రిక్ బైపాసే (జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి పేగుకి కలిపే ఆపరేషన్) మేలని సర్జన్ ప్లాను మార్చవచ్చు. ఆ మాట ఆపరేషన్ బల్ల మీద కాదు, ముందే తెలియాలి.

గురకకి నిద్ర పరీక్ష అడగండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంటే సీపాప్ మాస్కు (గాలి ఒత్తిడితో ఊపిరిదారి మూసుకోకుండా చూసేది) ఇస్తారు. ఇంట్లో రెండు వారాలు అలవాటు చేసుకుని, అదే మాస్కు ఆసుపత్రికి తెచ్చుకోవాలి. ఊపిరితిత్తుల వ్యాయామానికి వాడే మూడు బంతుల పరికరం కూడా ఇప్పుడే కొని సాధన చేయించండి. చాలామంది దాన్ని ఊదుతారు. ఊదకూడదు, గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీల్చాలి. బంతులు లేచాక మూడు సెకన్లు బిగబట్టాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకి పదిసార్లు.

ఉగ్గుగిన్నె:
డైటీషియన్‌గా చెబుతున్నానండి. ముందు రెండు వారాల డైట్ బరువు తగ్గించడానికి కాదు, కాలేయాన్ని చిన్నది చేయడానికి. కొవ్వు పట్టిన కాలేయం ఎడమ భాగం జీర్ణాశయం మీద దుప్పటిలా కప్పేసి ఉంటుంది. దాన్ని పైకెత్తి పట్టుకుంటేనే సర్జన్‌కి పైభాగం కనబడుతుంది. బరువుగా ఉంటే ఎత్తేటప్పుడు చిరిగి రక్తం కారుతుంది. పిండిపదార్థం మానితే కాలేయంలో నిల్వ ఉన్న చక్కెర (గ్లైకోజెన్), దాన్ని పట్టుకున్న నీరు, కొంత కొవ్వు కరిగి అది మెత్తబడుతుంది. అందుకే "ఇక తినలేదు కదా పాపం" అని చివరి రెండు రోజుల్లో బిర్యానీ, పూతరేకులు పెడితే చేసిన పనంతా నీళ్ళపాలు. చుట్టాలకి ఈ మాట గట్టిగా చెప్పండి.

రోజుకి 800 నుంచి 1000 కేలరీలు, 70 గ్రాముల మాంసకృత్తులు లెక్క. ఒక స్కూపు వే ప్రొటీన్, అంటే పాల విరుగుడు తేట నుంచి తీసిన పొడి (సుమారు 24 గ్రా.), వెన్న తీసిన పాలు, పెరుగు, మజ్జిగ కలిపి అర లీటరు (17), రెండు గుడ్లు (12), వంద గ్రాముల చేప (20). ఇవి కలిస్తే 73. వీటితో పాటు ఆనపకాయ, బీరకాయ, దోసకాయ, తోటకూర కడుపునిండా, నూనె రోజంతటికీ రెండు చెంచాలు. కొబ్బరికోరు వద్దు, రాగిజావ వద్దు. జావ పలచగా ఉంటుందని లెక్కలోకి తీసుకోరు గానీ అదీ పిండే. మీ ఆసుపత్రి పూర్తిగా ద్రవాలే అని రాసిస్తే దాన్నే పాటించండి.

ఆపరేషన్‌లో జీర్ణాశయంలో మూడొంతుల పైనే తీసేసి, అరటికాయంత సన్నని గొట్టం మిగులుస్తారు. దాని పొడవునా స్టేపుల్స్ వరస ఉంటుంది. అది మానేదాకా మెత్తదనంలో మెట్టు మెట్టుగా వెళ్ళాలి.

మొదటి రెండు వారాలు వడకట్టిన ద్రవాలే: పలుచటి మజ్జిగ, పెసరకట్టు, కారం లేని చారు తేట, వే కలిపిన నీళ్ళు, వెన్న తీసిన పాలు. గ్లాసుతో ఇవ్వకండి, చిన్నపిల్లలకి ఉగ్గు పట్టినట్టే పట్టాలి. దగ్గుమందు సీసా మూత 15 మి.లీ. ఉంటే రెండు మూతలు పావుగంట పాటు చప్పరించాలి. మెలకువగా ఉన్న 14 గంటల్లో అలా 56 సార్లు, అంటే 1680 మి.లీ. ఫోనులో అలారం పెట్టుకోక తప్పదు, ఎందుకంటే దాహం అనిపించదు. మన ఉక్కపోతకి నీరు తగ్గిందంటే మూత్రం టీ రంగుకి మారుతుంది, లేస్తే కళ్ళు తిరుగుతాయి. ఆపరేషన్ అయినవాళ్ళు మళ్ళీ ఆసుపత్రిలో చేరే కారణాల్లో ఇదొకటి. స్ట్రా, సోడా వద్దు, గాలి చేరి నొప్పి చేస్తుంది.

కొబ్బరినీళ్ళు మంచివే. అయితే వాటిలో మాంసకృత్తులు దాదాపు లేవు, పొటాషియం ఎక్కువ. టెల్మిసార్టాన్ వాడుతున్నంతకాలం, ముఖ్యంగా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగి ఉంటే, రోజుకి ఒక బొండానికి మించకుండా డాక్టరుని అడిగి ఇవ్వండి.

మూడో వారం నుంచి మెత్తగా మెదిపినవి. ఇక్కడ మీ చేప ప్రశ్న. కొరమీను, పండుగప్ప, చందువ ఈ దశకి సరైనవి. ముళ్ళు తక్కువ, విడగొడితే రేకల్లా వస్తాయి. ఆవిరి మీద ఉడికించి, వేళ్ళతో తడిమి ముల్లు తీసి, పెరుగుతోనో పలుచటి పులుసుతోనో మెదిపి రెండు మూడు చెంచాలు. శీలావతి, బొచ్చె, పులస రెండు మూడు నెలల దాకా వద్దు. వాటి సన్నముళ్ళు మెదిపినా పోవు. రొయ్య ముళ్ళు లేనిదే గానీ సాగుతుంది, నమిలినా నలగదు. ఎనిమిది వారాల తర్వాత సన్నగా తరిగి ఇవ్వండి. ఉప్పుచేప అసలు మరచిపోండి. ఈ వారాల్లోనే మెత్తగా గిలకొట్టి వండిన గుడ్డు, బాగా ఉడికి ఎనిపిన పెసరపప్పు, గట్టి పెరుగు. కారం, చింతపండు బాగా తగ్గించాలి. ఐదో వారానికి మెత్తగా ఉడికినవి, నలిపిన ఇడ్లీ, ఏడెనిమిది వారాలకి మామూలు తిండి.

అన్నం చివర. మన దగ్గర ఇది ఒప్పించడమే అన్నిటికంటే కష్టం. మెతుకులు ముద్దకట్టి ఆ సన్నగొట్టం మొదట్లో అడ్డం పడతాయి. గుండెల్లో పట్టేసినట్టు నొప్పి, నోటినిండా నురగలాంటి ఉమ్మి వస్తే అడ్డం పడిందని అర్థం. నీళ్ళు తాగి కిందికి తోయకండి, వాంతి అవుతుంది. తినడం ఆపి నిలబడి నెమ్మదిగా నడవాలి. పళ్ళెంలో ముందు గుడ్డో చేపో, తర్వాత కూర, చోటుంటే అప్పుడు రెండు చెంచాల అన్నం. ప్రతి ముద్దా 25 సార్లు నమలాలి. తిన్న అరగంట దాకా నీళ్ళు లేవు.

ఇంకొక్క మాట. స్లీవ్ అయినవాళ్ళకి మింగుడుపడని వాటికంటే సులువుగా జారిపోయేవే చేటు. పూతరేకు నోట్లో పెడితే కరుగుతుంది, చెరుకురసం, ఐస్‌క్రీం ఎంతైనా దిగుతాయి. బరువు తిరిగి వచ్చేది ఎక్కువగా ఆ దారినే. బైపాస్ అయినవాళ్ళు కాజా తింటే అరగంటలో గుండెదడ, చెమటలు, విరేచనం వచ్చి ఆపేస్తారు. స్లీవ్‌లో అంత గట్టి హెచ్చరిక అందరికీ రాదు.

రాత్రిడ్యూటీ:
సర్జరీ వార్డు నర్సుగా మూడో ప్రశ్నకి జవాబు చెబుతాను. ఎక్కువ చోట్ల రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు. మీరు లంకలో ఉంటారు కాబట్టి, సాధ్యమైతే మొదటి పది రోజులూ కాకినాడలోనో యానాంలోనో చుట్టాల ఇంట్లో ఉంచండి. వరదల నెలల్లో అయితే రెండు వారాలు. స్టేపుల్ వరస లీకయితే ఎక్కువగా ఆ రోజుల్లోనే బయటపడుతుంది. అర్ధరాత్రి పడవ కోసం గట్టు మీద నిలబడే పరిస్థితి రాకూడదు.

లీకుకి తొలి గుర్తు చాలాసార్లు కడుపునొప్పి కాదు, నాడి. ఇంట్లో ఆక్సీమీటరు ఉంచి రోజుకి మూడుసార్లు చూడండి. పడుకుని విశ్రాంతిగా ఉన్నా నాడి నిమిషానికి 100 దాటి అలాగే నిలిచిపోతే ఆసుపత్రికి ఫోను. 120 అయితే ఫోను చేస్తూనే బండెక్కాలి. జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, ఏదో అయిపోతోందన్న భయం, ఇవన్నీ ఆ కోవలోవే. ఆపరేషన్‌లో నింపిన గ్యాసు వల్ల మొదటి రెండు మూడు రోజులు భుజం నొప్పి మామూలే, అది నడిస్తే తగ్గుతుంది. నాలుగో రోజు తర్వాత కొత్తగా వస్తే మామూలు కాదు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. అందుకే ఆపరేషన్ సాయంత్రమే నడిపిస్తారు, కొందరికి పొట్ట మీద వేసే ఇంజక్షన్లు ఇంటికీ ఇస్తారు. మానేయకండి. కారులో వచ్చేటప్పుడు గంటకోసారి దింపి నడిపించండి.

ఇక ఆరెంపీ గారు. ఆయన్ని తప్పుపట్టడం కాదు, ముందే చెప్పి ఉంచాలి. నొప్పంటే డైక్లోఫెనాక్ ఇంజక్షన్, నీరసమంటే గ్లూకోజ్ సెలైన్ ఊళ్ళో అలవాటు. ఈ రెండూ ఇక్కడ హాని చేస్తాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి స్టేపుల్ వరస దగ్గర పుండు చేస్తాయి. నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే. రెండోది ఇంకా పెద్దది. వారాల తరబడి తక్కువ తిని, వాంతులవుతుంటే ఒంట్లో థయమిన్ (బి1) నిల్వ రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. ఆ స్థితిలో ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. ఒకటి రెండుగా కనబడటం, నడకలో తూలడం, మాట తికమక పడటం దాని గుర్తులు. ఆలస్యమైతే పూర్తిగా తిరిగిరాదు. సీసా మీద ఎన్.ఎస్. అని ఉంటే ఉత్త ఉప్పునీరు, డీ.ఎన్.ఎస్. అన్నా 5డీ అన్నా గ్లూకోజ్ ఉన్నట్టు. ముందు థయమిన్, తర్వాతే గ్లూకోజ్.

అసలు 24 గంటలు నీళ్ళు కూడా దిగకపోతే ఊళ్ళో సెలైన్‌తో సరిపెట్టకండి. గొట్టం ఎక్కడైనా ఇరుకైందేమో సర్జన్ చూడాలి. ఒక అట్టముక్క మీద ఈ నాలుగు లైన్లు రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టి ఆవిడ దగ్గరే ఉంచండి:

"స్లీవ్ ఆపరేషన్ అయింది, తేదీ ఫలానా. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఇవ్వవద్దు. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలి. సర్జన్‌కి చెప్పకుండా ముక్కులోంచి గొట్టం వేయవద్దు."

కింద ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబరు.

గాయాలు చిన్న చిన్న రంధ్రాలే. అయినా అవి పూర్తిగా మానేదాకా కాలవలో, చెరువులో స్నానం వద్దు. ఆరు వారాలు బిందె ఎత్తకూడదు. ఐదు కిలోలు దాటిందేదీ వద్దు.

లంకగట్టు:
చాలా థ్యాంక్సండి. అట్టముక్క రేపే రాయిస్తాను. విటమిన్లు ఎన్నాళ్ళు వేసుకోవాలి? రోజూ ఒక మల్టీవిటమిన్ బిళ్ళ సరిపోదా? తర్వాత జుట్టు ఊడిపోతుందంటున్నారు, నిజమేనా?

మందులకొట్టు:
సరిపోదండి, జీవితాంతం వేసుకోవాలి. మల్టీవిటమిన్‌తో పాటు బి12 రోజుకి 350 నుంచి 1000 మైక్రోగ్రాముల బిళ్ళ గానీ నెలకోసారి 1000 మైక్రోగ్రాముల ఇంజక్షన్ గానీ. నెలసరి వచ్చే ఆడవాళ్ళకి ఐరన్ 45 నుంచి 60 మి.గ్రా. కాల్షియం మొత్తం 1200 నుంచి 1500 మి.గ్రా., తిండిలో వచ్చింది కూడా లెక్కలో వేసుకుని. ఒక్కసారి 500, 600 మించి ఒంటికి పట్టదు కాబట్టి విడగొట్టి వేసుకోవాలి. కొట్లో కాల్షియం అని మాత్రమే అడిగితే ఎక్కువగా కార్బొనేట్ ఇస్తారు. అది అరగడానికి ఆమ్లం కావాలి. మొదటి నెలల్లో ఆమ్లం తగ్గించే బిళ్ళ వాడుతూ ఉంటారు గనక సిట్రేట్ అని అడిగి తీసుకోండి. డి విటమిన్ రోజుకి 3000 యూనిట్లతో మొదలుపెట్టి రక్తపరీక్షని బట్టి మారుస్తారు. థయమిన్ మల్టీవిటమిన్‌లో కనీసం 12 మి.గ్రా. ఉందో లేదో డబ్బా వెనక చదవండి. వేళలు మాత్రం కలపకండి. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు ఉండాలి, ఐరన్ వేసుకున్నప్పుడు టీ, పాలు వద్దు.

బరువు వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడతాయి. అందుకు చాలామందికి ఆరు నెలలు ఉర్సోడియాక్సీకోలిక్ 300 మి.గ్రా. రోజుకి రెండుసార్లు రాస్తారు. చీటీలో లేకపోతే అడగండి. పెద్ద బిళ్ళలు మొదట్లో పొడి చేయమంటారు గానీ ఎస్.ఆర్., ఎక్స్.ఆర్. అని ఉన్నవి పొడి చేయకూడదు. రోజంతా నెమ్మదిగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారే పడుతుంది. ఆవిడ మెట్‌ఫార్మిన్ అలాంటిదేమో చూసి మామూలు రకానికి మార్పించండి. బీపీ కూడా ఇంట్లో చూస్తుండండి. బరువు తగ్గేకొద్దీ పాత మోతాదు ఎక్కువై కళ్ళు తిరుగుతాయి.

జుట్టు మూడో నెల నుంచి ఆరో నెల దాకా ఊడటం నిజమే, చాలామందికి మళ్ళీ వస్తుంది. ఆరు నెలలు దాటినా ఆగకపోతే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే) పరీక్ష చేయించి, మాంసకృత్తులు రోజుకి 60 గ్రాములైనా అందుతున్నాయో లేదో లెక్క చూడండి. రక్తపరీక్షలు 3, 6, 12 నెలలకి, తర్వాత ఏటా.

ఉగ్గుగిన్నె:
ఒకటి మరిచాను. ఆపరేషన్ అయిన మూడో వారంలో కాటా ముల్లు కదలకుండా బరువు ఆగిపోతుంది, ఒక్కోసారి వారం పది రోజులు. ఒళ్ళు మళ్ళీ నీరు పట్టుకుంటుంది, అంతే. అప్పుడు కంగారుపడి ఉన్న తిండి తగ్గించకండి. బరువు వారానికోసారే చూడండి. అలాగే బరువు తగ్గేకొద్దీ నెలసరి సరిపడి గర్భం త్వరగా వచ్చే అవకాశం పెరుగుతుంది. 12 నుంచి 18 నెలలు రాకుండా చూసుకోవాలి. ఏ పద్ధతి వాడాలో ఆపరేషన్‌కి ముందే ఆడ డాక్టరుని అడిగి రమ్మనండి.