విండోస్ 7లోని పేజ్‌మేకర్, అను ఫాంట్లను కొత్త కంప్యూటర్‌కు మార్చడం ఎలా?

నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇంట్లోనే పెళ్లి పత్రికలు, రొయ్యల చెరువుల లెక్కలు టైపు చేసి ఇస్తుంటాను. విడిభాగాలు కొని కొత్త కంప్యూటర్ బిగించి, 1 టీబీ ఎస్‌ఎస్‌డీలో విండోస్ 11 హోమ్ ఎక్కించాను. పాతదానిలో విండోస్ 7, 500 జీబీ హార్డ్ డిస్కు. ఉప్పుగాలికి కేసు అంచులు తుప్పుపట్టాయి, డిస్కు ఉండుండి టిక్కుటిక్కుమంటోంది. మాఘమాసం ముహూర్తాల దాకా ఆగుతుందన్న ధీమా లేదు.

ఫైళ్ల సంగతి నేను చూసుకోగలను. సాటా కేబుల్‌తో పాత డిస్కును కొత్త బోర్డుకు తగిలిస్తే సరి. చిక్కంతా ప్రోగ్రాములతోనే. ఫోల్డరు కాపీ చేస్తే చాలదు, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) నమోదులు కూడా కావాలి కదా. పేజ్‌మేకర్ (పత్రికలు కూర్చే ప్రోగ్రాము), అను ఫాంట్ల (తెలుగు అక్షరాల) సీడీలు భద్రంగానే ఉన్నాయి, కొత్త కేసులో సీడీ డ్రైవు పెట్టే చోటే లేదు! పాత పత్రికలేవీ యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర పద్ధతి) లేవు. ఆ ఫాంట్లు లేకుండా తెరిస్తే పెళ్లికూతురి పేరు స్థానంలో కొమ్ములు, బ్రాకెట్లు, ఇంగ్లిషు అక్షరాలు.

డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు క్లోన్ (నకలు) చేసేయమంటాడు మా అబ్బాయి. ఎంబీఆర్ అనే పాత డిస్కు పద్ధతిలో ఉన్న విండోస్ 7, యూఈఎఫ్ఐ అనే కొత్త బూటింగ్ పద్ధతి ఉన్న ఈ బోర్డు మీద లేస్తుందా? నాకైతే నమ్మకం లేదు. డిస్క్‌2వీహెచ్‌డీ అనే టూల్‌తో పాత వ్యవస్థను ఒకే ఫైలుగా మార్చి, వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాము) నడపడమే మేలనిపిస్తోంది. అలా చేసినవారు ఉన్నారా? ఫాంట్లు పనిచేయడానికి గుచ్చే యూఎస్‌బీ లాక్‌ను వర్చువల్‌బాక్స్ గుర్తిస్తుందా? లోపలి నుంచి ప్రింటు నేరుగా తీయవచ్చా, పీడీఎఫ్ చేసి బయటికి తెచ్చుకోవాలా? టిక్కుమనే డిస్కు మీద ముందు ఫైళ్లు తీయాలా, మొత్తం డిస్కు ఇమేజ్ (ఒకే ఫైలు నకలు) తీయాలా?