పెరటి తొట్టెలో చేపలు వేకువనే ఎందుకు చనిపోతున్నాయి?

ప్రశ్న: మా పెరట్లోని సుమారు 1,000 లీటర్ల సిమెంటు తొట్టెలో ఈ వారం నాలుగు గోల్డ్‌ఫిష్‌లు చనిపోయాయి. నీరు పచ్చబడింది, వేకువన చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, పొద్దెక్కాక మామూలుగా తిరుగుతున్నాయి. కారణాన్ని ఎలా తెలుసుకోవాలి?

మొదటి జవాబు: మీరు చెప్పిన వేళే ముఖ్యమైన ఆధారమండి. నీటిని పచ్చబరిచే నాచు పగలు ప్రాణవాయువును విడుదల చేసినా, రాత్రంతా దానినే పీల్చుకోవడం వల్ల, సూర్యోదయానికి ముందు నీటిలో అది బాగా తగ్గిపోతుంది. ఈ రాత్రే గాలి పంపు పెట్టి, రెండు రోజులు మేత ఆపండి.

రెండో జవాబు: చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను కూడా నీటి పరీక్ష కిట్‌తో పరీక్షించండి, పచ్చని నీటిలో మధ్యాహ్నం పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరిగినప్పుడు అమ్మోనియా మరింత విషమవుతుంది.

ప్రశ్న అడిగినవారు: నిన్న సగం నీరు తీసి, కుళాయి నీటిని నేరుగా నింపాను.

మొదటి జవాబు: కుళాయి నీటిలోని క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది కనుక, ఇకపై క్లోరిన్‌ను తొలగించే మందు కలిపిన నీటినే కొద్దికొద్దిగా మార్చండి.