ఈ వారం సమస్య: కుక్క నడిపె దొరను గొలుసు పట్టి

నిర్వాహకుడు: ధనుర్మాసం కదా, బెజవాడకూ ఓ ముక్క చలి తగిలింది. కనిష్ఠం 18, 19 డిగ్రీల దగ్గర ఉంటే చాలు, మనవాళ్ళు మంకీ క్యాపులు తీస్తారు. వాటి వెనకాలే కుక్కలకు కుట్టించిన స్వెటర్లు బయటికొస్తాయి. ఇక టీవీలో వారం రోజులుగా ఒకటే కథ: ఓ సినిమా జంట విడిపోతోందట. పేర్లు ఇక్కడ వద్దు, మీ అందరికీ తెలుసు, మా పనమ్మాయికి ఇంకా బాగా తెలుసు. ఆ గొడవా, పొద్దున్నే కుక్కతో నడకా రెండూ కలిసి ఈ పాదం తట్టింది. సమస్య అంటే ఇదే: వినడానికి అసంబద్ధంగా ఉన్న ఈ చివరి పాదానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు కట్టాలి. అదే పూరణ.

కుక్క నడిపె దొరను గొలుసు పట్టి

ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. అయిదు గణాలూ సూర్యగణాలే, అంటే ఒక గురువు (బరువుగా పలికే అక్షరం), ఒక లఘువు (తేలిగ్గా పలికేది), లేదా మూడు లఘువులు. కు–గొ యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, సరిపోయింది: క, గ ఒకే వర్గం, ఉ, ఒ మిత్రాలు. ఎనిమిది మంది ప్రశ్నలకు ఒకే సభలో జవాబు చెప్పే అష్టావధానంలో అయితే అప్పటికప్పుడే చెప్పాలి, మీకు ఆదివారం దాకా గడువు.

పటమట పంతులు:

మంచు కమ్ము వేళ మఫ్లరు చుట్టుక
నదిని చూచుచుండె నరుడొకండు
పిల్లి దాటినంత పిచ్చిగా లంఘించి
కుక్క నడిపె దొరను గొలుసు పట్టి

'మఫ్లరు' దగ్గర ఎవరైనా గొడవ పడతారేమో, ముందే చెబుతున్నా. 'ఫ్ల' సంయుక్తాక్షరం, కాబట్టి దాని ముందున్న 'మ' గురువే. ఒక గురువు, రెండు లఘువులు: భగణం.

బ్రాడీపేట పిన్ని: గణాల సంగతి సరే పంతులు గారూ, నది ఎక్కడి నుంచి చూస్తున్నాడు? సీతమ్మవారి పాదాల ఘాట్ దగ్గర నుంచా, ప్రకాశం బ్యారేజీ మీద నుంచా? పొగమంచు పట్టిన రోజున బ్యారేజీకున్న 70 గేట్లలో నాలుగు కూడా కనబడవు, ఇక నది ఏం కనబడుతుంది? అసలు అభ్యంతరం అది కాదు. మీ కుక్క గొలుసు లాగింది గానీ పట్టలేదు. గొలుసు దొర చేతిలోనే ఉంది. సమస్యలో ముడి అంతా ఆ 'పట్టి'లోనే ఉంటే మీరు దాని పక్క నుంచి నడిచి వెళ్ళిపోయారు.

పటమట పంతులు: ఒప్పుకోను. మెడకున్నదాన్ని పట్టుకుని లాగడం పట్టడం కాదా?

నిర్వాహకుడు: కాదండీ. మూడో పాదంలో పిల్లి మాత్రం మనసు దోచింది. చూడగానే 'అవును, ఇంతే' అనిపిస్తుంది. కానీ పూరణ సగంలో ఆగింది. పిన్ని గారూ, మీరే చూపించండి ఎలా పట్టాలో.

బ్రాడీపేట పిన్ని:

తార గొడవ జూడ దాదాపు తెలవారు
వరకు టీవి ముందు వాలి యుండి
తూగి తూగి నడువ దోవ తప్పగ నోట
కుక్క నడిపె దొరను గొలుసు పట్టి

ఇది మా వారి సంగతే అనుకోకండి. మా ఇంట్లో కుక్క లేదు, టీవీ ఒక్కటే.

నిర్వాహకుడు: మూడో పాదం చివర్న 'నోట' అని వదిలారే, అక్కడుంది పనితనం. 'నోట... గొలుసు పట్టి' అని అన్వయం (మాటకు మాట అతుకు) దూరం నుంచి వచ్చి కలుస్తుంది. అసంబద్ధం కాస్తా మామూలు సంగతైపోయింది. పైగా తూ–దో యతి చెవికి హాయిగా ఉంది.

పటమట పంతులు: 'తెలవారు' పాటల్లో చెల్లుతుంది, పద్యంలో 'తెల్లవారు' అనాలి.

బ్రాడీపేట పిన్ని: అంటే గణం చెడుతుంది. మీరు మఫ్లరు వేసుకోవచ్చు గానీ నేను ఒక లకారం తీసెయ్యకూడదా?

లబ్బీపేట కుర్రాడు: నాకిది రెండో పద్యం. తిట్టండి, కానీ మెల్లగా.

స్టారు జంట చెడెను టామి నీదో నాదొ
యనుచు కోర్టు కెక్కి రచ్చ కెక్కె
తీర్పు రాక మునుపె తెగువతో నింటికి
కుక్క నడిపె దొరను గొలుసు పట్టి

పటమట పంతులు: అబ్బాయ్, రెండో పాదంలో యతి పోయింది. 'య'కు 'ర' ఎప్పుడు మిత్రమైంది? 'యనుచు కోర్టు కెక్క నల్లరయ్యె' అను. 'యనుచు' అంటే 'అనుచు', 'కెక్క నల్లరి' అంటే 'కెక్కన్ అల్లరి', కాబట్టి రెండు చోట్లా లోపల 'అ' అచ్చు ఉంది, యతి కుదురుతుంది.

నిర్వాహకుడు: సవరణ సరైనదే. కానీ 'రచ్చ కెక్కె' పోయినందుకు నాకు బాధగానే ఉంది. 'కోర్టు కెక్కి రచ్చ కెక్కె' అన్నదాంట్లో నడక ఉంది, ఈ వారం న్యూస్ ఛానెళ్ళు మొత్తం ఉన్నాయి. 'టామి నీదో నాదొ' అన్నది ఇప్పటికి వచ్చిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క. ఆ ఇంట్లో జరిగిందేమిటో మనకెవరికీ తెలియదు, చర్చలో కూర్చున్న ఆరుగురికీ తెలియదు. కుక్క గురించిన తగువు మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది.

భవానీపురం బాబాయి: ముప్ఫై ఏళ్ళు కోర్టులో గుమాస్తాగా చేసినవాణ్ణి, ఓ మాట. పిల్లల కస్టడీ చూసే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్లకే, టామీకి కాదు. కాబట్టి కుర్రాడి కుక్క తీర్పు కోసం ఆగకపోవడమే మంచిదైంది. సరే, నాదీ ఒకటి:

చిన్న కూన పేరు చెప్పిరి దొరయంచు
తల్లి వెంట నడువ తడబడగను
పార్కు గేటు దాక పళ్ళతో మెల్లగా
కుక్క నడిపె దొరను గొలుసు పట్టి

లబ్బీపేట కుర్రాడు: దొర కుక్కపిల్లా! ఇది మోసం బాబాయ్.

నిర్వాహకుడు: పేరు పెట్టి తప్పించుకోవడం పాత ఎత్తే, అందుకో మార్కు కోత. అయినా 'పళ్ళతో మెల్లగా' దగ్గర ఆగి చూడండి. కూనకు నొప్పి తగలకుండా తల్లి గొలుసు అంచును ముందు పళ్ళతో పట్టుకున్నట్టు కనబడుతోంది. ఎత్తు పాతదే, చూపు కొత్తది. అయినా ఈ వారం పిన్ని గారిదే. పంతులు గారు అలగరని ఆశ.

పటమట పంతులు: అలిగాను. వచ్చే వారం సమస్య ఇవ్వండి.

నిర్వాహకుడు: ఇదిగో, ఇదీ ఆటవెలదే.

చలికి చెమట పట్టె జనులకెల్ల

లబ్బీపేట కుర్రాడు: ఇందులో సమస్య ఏముందండీ? బెజవాడలో జనవరి మధ్యాహ్నం స్వెటర్ తియ్యనివాళ్ళందరికీ పట్టేది అదే.