మంచు దారికి ఏ టైర్లు వేయించుకోవాలి?

జనవరిలో విజయవాడ నుంచి మా కారులోనే మనాలి వెళ్లి, అటల్ టన్నెల్ దాటి సిస్సు దాకా పోవాలనుకుంటున్నాము. బెంజ్ సర్కిల్ రద్దీలో నడపడమే తప్ప మంచు మీద నాకు అనుభవం లేదు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైర్ల రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుందనీ, వింటర్ టైర్ల రబ్బరు మెత్తగానే ఉంటుందనీ చదివాను. ఆటోనగర్‌లో అడిగితే దుకాణదారు నవ్వి, పక్కన ‘ఎం ప్లస్ ఎస్’ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని అచ్చువేసిన టైరును గోటితో తట్టి, ఇది చాలన్నారు. మంచు మీద పట్టు పరీక్షలో నెగ్గిన టైర్లకు వేసే, మూడు శిఖరాల కొండలో మంచురేకు గుర్తు లేకుండా ఆ అక్షరాలు మాత్రమే ఉన్న టైరు, పగలు కరిగి రాత్రి గడ్డకట్టే బురదమంచులో నిలుస్తుందా? పోనీ నాలుగూ వింటర్ టైర్లే వేయిద్దామంటే, మన ఎండలకు అవి త్వరగా అరిగిపోతాయి. మాది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు కనుక, ఉన్న టైర్లతోనే వెళ్లి ముందు చక్రాలకు గొలుసులు కట్టుకుంటే సరిపోతుందా? ఆ దారిలో శీతాకాలంలో స్వయంగా నడిపినవారు దయచేసి తెలుపగలరు.