అప్‌డేట్: సాయంత్రమైతే "ఊరికి పోతా" అంటున్న అత్తయ్య

పోయిన నెల అడిగింది నేనే. మా అత్తయ్యకు 78 ఏళ్లు, అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు). బెంగళూరు మారతహళ్లిలో మా దగ్గరే ఉంటారు. చీకటి పడే వేళకు సంచి సర్దుకుని "ఊరికి పోతా, ఆవుకు గడ్డి వేయాలి" అని తలుపు దగ్గర నిలబడేవారు. ఆపితే అరుపులు. మందు డోసు పెంచించాలా అని అడిగాను.

పెంచలేదు. మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు తీసుకెళ్తే డాక్టర్ ముందు మూత్ర పరీక్ష రాశారు. ఇన్ఫెక్షన్ ఉంది! పెద్దవయసులో జ్వరం లేకుండానే దానివల్ల ఒక్కసారిగా అయోమయం పెరగొచ్చట. యాంటీబయాటిక్స్ కోర్సు అయ్యేసరికి అరుపులు చాలావరకు తగ్గాయి.

ఊరి మాట మాత్రం పోలేదు. ఇప్పుడు చీకటి పడకముందే లైట్లన్నీ వేస్తున్నాను. "ఇదే మీ ఇల్లు" అని వాదించడం మానేశాను (మా ఆయన ఇంకా మానలేదు, అది వేరే కథ). "ఆవు పేరేంటి అత్తయ్యా?" అంటే "గౌరి, పొడుస్తుంది జాగ్రత్త" అంటారు. చేతికి చిక్కుడుకాయలు ఇస్తే ఈనెలు తీస్తూ కూర్చుంటారు. కొన్ని రోజులు అదీ పనిచేయదు. అప్పుడు చెప్పులేసుకుని అపార్ట్‌మెంట్ చుట్టూ ఒక రౌండ్ తిరిగొస్తాం. లిఫ్ట్ దిగగానే "వచ్చేశాం" అంటారు.