కిడ్నీ పాఠం ఎలా చదవాలి?

నర్సింగ్ రెండో ఏడాది, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటున్నా. మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడకడతాయట. బయటికొచ్చేది లీటరున్నరే కదా, మిగతాదేమవుతుంది? ఎంత బట్టీ పట్టినా నిలవట్లేదు.

జవాబు: తల్లీ, 20 ఏళ్లుగా డయాలసిస్ వార్డులో చేస్తున్నా. ఒంట్లో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, మూడు లీటర్లే, అదే రోజుకు అరవైసార్లు వడపోతకెళ్తుంది. అందులో 99 శాతం నీళ్లను సన్నటి గొట్టాలు మళ్లీ రక్తంలోకి లాగేసుకుంటాయి. గ్లూకోజునీ అంతే. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే ఇక లాగలేవు, చక్కెర వెంట నీళ్లూ పోతాయి. మా అమ్మ రాత్రి నాలుగుసార్లు లేచేది. చీకట్లో ఆ చెంబు చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. పాఠం నాకు అక్కడే అర్థమైంది.

జవాబు: రెండు 180లు కలిపేసుకోకు. ఒకటి లీటర్లు, రెండోది డెసీలీటరుకు మిల్లీగ్రాములు. నేను పరీక్షలో అక్కడే మార్కులు పోగొట్టుకున్నా.

అడిగినామె: అక్కా, ఇప్పుడే బొమ్మ గీసి బాణాలు పెట్టా. మా నాన్నకూ షుగరే. ఈ రాత్రే ఫోన్ చేసి ఎన్నిసార్లు లేస్తున్నాడో అడుగుతా.